ఆయన రూపం రాసే ముందు

ప్రియమైన తమ్ముడికి,

నీ నవల చదివాను. గలిలయ సముద్రం ఒడ్డున జాలరులు వలలు బాగుచేసుకునే సీను చాలా బాగా వచ్చింది. కానీ యేసు కనిపించగానే నీ రాత మారిపోయింది. నీలి కళ్లు, తెల్లటి ఒళ్లు, భుజాల మీద రాగి రంగు జుట్టు. ఇది నువ్వు ఊహించి రాసింది కాదు, మన ఇళ్లలో గోడ మీద ఉండే క్యాలెండర్ బొమ్మ. అలాంటి బొమ్మల్లో బాగా పేరున్నది 1940లో అమెరికాలో వార్నర్ సాల్‌మన్ వేసినది. కోట్ల ప్రతులు అచ్చయింది.

బైబిల్లో యేసు కథ చెప్పే సువార్తలు నాలుగూ మళ్లీ చదువు. ఆయన ఎత్తు, రంగు, జుట్టు, ఏదీ చెప్పవు. చూడాలని జక్కయ్య మేడిచెట్టు ఎక్కాడని ఉంది గానీ, ఎక్కి చూస్తే ఎలా ఉన్నాడో లేదు. గెత్సేమనే తోటలో సైనికులకు ఆయన్ని చూపించడానికి, పట్టిచ్చిన శిష్యుడు యూదా ముద్దు పెట్టాల్సి వచ్చింది. అంటే పక్కనున్న శిష్యుల్లో కలిసిపోయే మనిషే. సమాధి దగ్గర ఆయన్ని చూసిన మగ్దలేనే మరియ అయితే తోటమాలి అనుకుంది.

సిరియాలోని దూరా యూరోపస్‌లో సుమారు క్రీ.శ. 235 నాటి గోడ చిత్రం ఒకటి దొరికింది. పక్షవాయువు రోగిని లేపుతున్న యేసుకి అందులో గడ్డం లేదు, జుట్టు పొట్టిగా ఉంది. సీనాయి కొండ దగ్గరి మఠంలో ఉన్న ఆరో శతాబ్దపు చిత్రానికి వచ్చేసరికి గడ్డం, పొడుగు జుట్టు వచ్చేశాయి. 2001లో పుర్రెల్ని బట్టి ముఖాలు మలిచే నిపుణుడు రిచర్డ్ నీవ్ మొదటి శతాబ్దపు యూదుడి పుర్రె ఆధారంగా వెడల్పు ముఖం, నల్లటి పొట్టి ఉంగరాల జుట్టు ఉన్న మనిషిని తయారుచేశాడు. అదీ యేసు ముఖం కాదు, ఆ కాలపు మనిషి ముఖం. ఎవరి కాలానికి తగ్గట్టు వాళ్లు గీసుకున్నారు, చిత్రకారులకు ఆ స్వేచ్ఛ ఉంది. నువ్వు మాత్రం మొదటి శతాబ్దపు నజరేతు గురించి రాస్తున్నావు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది రంగు కాదు. నీ నవలలో చెడ్డవాళ్లంతా 'యూదులు', యేసు ఒక్కడే ఏ జాతికీ చెందనట్టున్నాడు. ఇది చిన్న పొరపాటు కాదయ్యా. 1939లో జర్మనీలోని ఐసెనాఖ్‌లో, చర్చి జీవితంలోంచి యూదు ప్రభావాన్ని తుడిచేయడానికి ఏకంగా ఒక సంస్థే పెట్టారు. దాన్ని నడిపిన వాల్టర్ గ్రుండ్‌మన్ యేసు యూదుడే కాదని వాదించాడు. అవతల యూదుల్ని వేటాడుతున్న రోజులవి. యేసు తల్లి యూదురాలు, ఆయన యూదుల సమాజమందిరంలో లేఖనాలు చదివాడు, వాళ్ల పస్కా పండుగ చేసుకున్నాడు. దాన్ని దాటేసి ఒక్క పేజీ కూడా రాయొద్దు.

మరి ఎలా చూపించాలి అంటావు. వడ్రంగి పని చేసిన చేతులున్నాయి, కాయలు కాచి ఉంటాయి, వాటి గురించి రాయి. ఎండలో ఊరూరా నడిచిన కాళ్లున్నాయి. రక్తస్రావంతో బాధపడ్డ స్త్రీ ముట్టుకున్న వస్త్రపు చెంగు ఉంది. యూదులు చెంగులకు కుచ్చులు కట్టుకోవాలని ధర్మశాస్త్రం చెప్పింది. ఇక మాట. యెరూషలేములో ఆయన శిష్యుడు పేతురు గలిలయవాడని యాసను బట్టే పట్టేశారు. శ్రీకాకుళం మనిషి హైదరాబాద్‌లో నోరు తెరవగానే ఏ ఊరో తెలిసిపోయినట్టే. యేసుదీ ఆ గలిలయ పలుకే అయ్యుంటుంది.

ముందు సమరయ బావి సీను తిరగరాయి. నీళ్లడిగిన మనిషి యూదుడని ఆ స్త్రీ వెంటనే గుర్తుపట్టింది. యాసను బట్టా, బట్టను బట్టా? అది నువ్వే తేల్చుకుని, ఆమె కళ్లతో ఆయన్ని చూపించు. రాయగానే పంపించు, చదువుతాను.

నీ అన్నయ్య