మేనల్లుడికి, తరుగు గడి గురించి

నాయనా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ధాన్యం కొనుగోళ్ల సాఫ్ట్‌వేర్‌ని ఏఐ ఏజెంట్లు, అంటే చెప్పిన పనిని తమంతట తామే చేసుకుపోయే ప్రోగ్రాంలు, వాడేట్టు చేస్తున్నారంట. ఆ ఏజెంట్లు పిలిచి పని చేయించుకునే భాగాల్ని టూల్స్ అంటారు కదా, అవి చదువుకునే ఆ టూల్ వివరణలన్నీ నువ్వే రాస్తున్నావంట. బుచ్చిలో మా ఇంటికొచ్చినప్పుడల్లా నా కీబోర్డు మీటలు టకటకా నొక్కిన పిల్లోడివి, ఇంత పని నెత్తికెత్తుకున్నావని పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. రైతుల డబ్బుతో ముడిపడిన పని కదా.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. టూల్ పేరు చూడగానే పని తెలియాలి. ఏది తప్పనిసరో, ఏది ఇవ్వకపోయినా ఫర్వాలేదో స్కీమాలో, అంటే టూల్‌కి ఏమేం ఇవ్వాలో రాసే పట్టికలో, ఉండాలి. ఒక్కో టూల్‌కి, దాన్ని ఎట్టా పిలవాలో చూపే ఒక నమూనా కాల్ పెట్టు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది తరుగు సంగతి, అంటే తేమ ఉందని వడ్ల తూకంలో కోసే కిలోల సంగతి. ఇంట్లో ఎవరికీ, మీ నాన్నకి కూడా చెప్పలేదు.

ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్ రోజుల్లో ఒక రైస్ మిల్లుకి కొనుగోలు లెక్కల ప్రోగ్రాం రాశాను. తెర మీద ‘తరుగు’ అని ఒక గడి పెట్టాను. అందులో కొట్టిన అంకెని బస్తాకి ఇన్ని కిలోలని ప్రోగ్రాం లెక్కేసేది. ఆ ‘బస్తాకి’ అన్న మాట తెర మీద లేదు, నేను రాసిచ్చిన రెండు పేజీల కాగితంలోనూ లేదు. పాత గుమాస్తాకి నోటితో చెప్పాను, ఆయన గుర్తు పెట్టుకున్నాడు, అది చాల్లే అనుకున్నాను.

ఆయన కూతురి పెళ్లికని సెలవు పెడితే ఆ సెలవు రోజులకని ఒక కుర్రాడు వచ్చాడు. మన దగ్గర బేరమంతా పుట్టిలో కదా, పుట్టి అంటే 850 కిలోలు. షావుకారు ‘తేమ ఉంది, పది తియ్’ అన్నాడంటే పుట్టికి పది కిలోలని. కుర్రాడు గడిలో 10 కొట్టాడు. మూడు పుట్లంటే 75 కిలోల బస్తాలు 34. 30 కిలోలు పోవాల్సిన చోట 340 కిలోలు పోయాయి. తొమ్మిది రోజులు అట్టనే జరిగింది. కంప్యూటర్ చీటీ గనక ఎవరూ ఎదురడగలేదు.

నెల తర్వాత ఒక పెద్దాయన మడతలు పడ్డ చీటీ పట్టుకొచ్చి మిల్లు మెట్టు మీద కూర్చున్నాడు. “అమ్మా, నాకు చదువు రాదు. నా వడ్లు ఎన్నో మాత్రం నాకు తెలుసు” అన్నాడు. ఎరువుల కొట్టు బాకీకి భార్య కమ్మలు కుదువ పెట్టొచ్చాడు. చీటీలన్నీ తిరగేసి, లెక్కగట్టి, అందరికీ డబ్బు ఇప్పించాం. షావుకారు మాత్రం తప్పంతా కుర్రాడి మీద వేసి పనిలోంచి తీసేశాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. గడి పక్కన ఒక్క మాట రాయనిది నేనేనని చెప్పలేదు. చేతిలో ఉన్న ఒక్క పనీ పోతుందని భయపడ్డాను. వాడు సైకిల్ తీసుకుని, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

నీ ఏజెంటు ఆ కుర్రాడే నాయనా. నీ కోడు దానికి కనపడదు. టూల్ పేరు, వివరణ, పారామీటర్ల (టూల్‌కి ఇచ్చే విలువల) గురించి నువ్వు రాసిన నాలుగు మాటలు, అంతే దాని చేతిలో ఉండే కాగితం. ఆంత్రోపిక్ వాళ్లు 2024 నవంబరులో తెచ్చిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో, అంటే ఏజెంట్లకి టూల్స్ తగిలించే ఉమ్మడి పద్ధతిలో, అయినా ఇంతే. పైగా అనుమానమొచ్చినా ప్రతిసారీ ఆగి అడగదు, తోచిన అర్థంతో ముందుకెళ్లిపోతుంది.

అందుకని కొలత పారామీటర్ పేరులోనే పెట్టు. ‘తరుగు’ కాదు, ‘పుట్టికి తరుగు కిలోలు’. స్థలం కొలిచే అంకణం మన నెల్లూరులో 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36, అది కూడా రాయాలి. వడ్ల రకం చేత్తో టైపు చేయించొద్దు, జాబితా ఇచ్చి అందులోంచి ఎంచుకోమను. ఒక రైతు 34449 అంటాడు, ఇంకొకరు నెల్లూరు మసూరి అంటారు, రెండూ ఒకటేనని ఏజెంటుకి ఎవరు చెప్తారు? టూల్ ఎప్పుడు వాడకూడదో కూడా రాయి. మనం ఎప్పుడూ మర్చిపోయేది అదే.

ఎర్రర్ వస్తే ‘ఇన్‌పుట్ తప్పు’ అని వదిలేయకు. ‘పుట్టికి తరుగు ఇంతకు మించకూడదు, మీరు ఇంత ఇచ్చారు, తూకం చీటీ చూసి మళ్లీ ఇవ్వండి’ అని చెప్పు. ఆ మాటలు చదివే ఏజెంటు తన తప్పు దిద్దుకుంటుంది.

నాకు అన్నిటికంటే భయం చెల్లింపుల టూల్. నెట్ ఆగి జవాబు రాకపోతే ఏజెంటు మళ్లీ పంపుతుంది, రైతుకి రెండుసార్లు డబ్బు పడుతుంది, తర్వాత మిల్లువాళ్లు ఆ రైతు ఇంటి మీదకి పోతారు. ప్రతి చెల్లింపుకీ ఒక విడి నంబరు పెట్టి, అదే నంబరు రెండోసారి వస్తే సర్వర్ డబ్బు పంపకుండా మొదటి జవాబే తిరిగివ్వాలి. ఆ సంగతి వివరణలోనూ ఉండాలి. వివరాలు చదివి చెప్పే టూల్‌నీ, వివరాలు మార్చే టూల్‌నీ వేరు చేసి గుర్తులు పెట్టు. కానీ అవి గుర్తులే నాయనా, తాళాలు కావు. డబ్బు కదిలే ముందు ఒక మనిషి సరే అనేట్టు కోడులోనే కట్టు. దీంట్లో మాత్రం ఎవరు తొందర పెట్టినా వినొద్దు.

భోజనం మానేసి రాస్తున్నావని మీ అమ్మ బాధపడుతోంది. అట్ట చేయొద్దు. చెల్లింపుల టూల్ వివరణ పూర్తయ్యాక నాకు పంపు. కొత్తగా వచ్చిన కుర్రాడిలా చదువుతాను. నాకు అర్థంకాని చోట గీత గీసి పంపుతాను.

తరుగు సంగతి మీ నాన్నకి నువ్వు చెప్పొద్దు. సంక్రాంతికి ఇక్కడికే వస్తున్నాడు కదా, నేనే చెప్తాను.

మీ అత్త