బండి వెనక భాగం దించితే ఇన్సూరెన్స్ పోతుందా?

ప్రశ్న: నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి రోజూ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బైకు మీద ఆఫీసుకు వెళ్తాను. సిగ్నల్ దగ్గర ఆగితే నేలకు కాలి వేళ్లు మాత్రమే ఆనుతాయి. మొన్న కొత్తగూడ జంక్షన్‌లో ఆగి ఉన్న బండే పక్కకు ఒరిగి పడిపోయింది. వెనక సస్పెన్షన్‌లో లింకులు మార్చి దించేస్తానని ఓ మెకానిక్ అంటున్నాడు. ఆర్‌సీలో సీటు ఎత్తు రాయరు కాబట్టి ఎవరూ పట్టుకోరట. నిజమేనా? బండి కొని 8 నెలలైంది.
– ఓ పాఠకురాలు, మియాపూర్

జవాబు: మీ మెకానిక్ చెప్పింది సగం నిజం. ఆర్‌సీలో సీటు ఎత్తు ఉండదు. ట్రాఫిక్ పోలీసుల కన్ను నంబర్ ప్లేటు మీద, సైలెన్సర్ మీద పడుతుంది గానీ, వంగి మోనోషాక్ (వెనక ఉండే ఒకే షాక్ అబ్జార్బర్) కింద, దాన్ని చక్రం భాగంతో కలిపే లింకుల పొడవు ఎవరూ కొలవరు. అయితే మీ భయం పోలీసుల గురించి కాకూడదు. ప్రమాదం జరిగాక మీ బండి ఫొటోలు తీసే బీమా సర్వేయర్ గురించి ఉండాలి.

ముందు చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీ వివరాలకూ తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. వాహనం నిర్మాణం మారి, దాని మౌలిక లక్షణమే మారిపోతే అది 'మార్పు' అని ఆ సెక్షనే వివరిస్తుంది. కేరళ నుంచి వెళ్లిన ఓ కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే అన్వయించింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో 182ఎ(4) వచ్చింది: అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. 'ఒక్కో మార్పుకు' అన్న మాట గుర్తుపెట్టుకోండి.

రెండు లింకులు మారిస్తే మౌలిక లక్షణం మారినట్టేనా? కాదని కోర్టులో వాదించవచ్చు, నేనైనా వాదిస్తాను. చిక్కేమిటంటే, ఈ పని లింకులతో ఆగదు. వెనక దిగగానే సైడ్ స్టాండ్ పొడవెక్కువైపోతుంది. బండి స్టాండ్ మీదకు వాలకుండా నిటారుగా నిలబడుతుంది, పక్కనుంచి ఎవరైనా రాసుకుంటూ పోతే అవతలికి పడుతుంది. అందుకని స్టాండ్ కోసి, పొట్టి చేసి, వెల్డింగ్ పెడతారు. హెడ్‌లైట్ కాస్త పైకి చూస్తుంది, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది. దాన్ని సరిచేయడానికి ముందు చక్రం ఫోర్కులను వాటి క్లాంపుల్లో పైకి జరిపి, ముందు భాగాన్నీ దించుతారు. అప్పుడు కింద ఖాళీ ఇంకా తగ్గి, మన కాలనీల స్పీడ్ బ్రేకర్లకు అడుగు భాగం తగులుతుంది. ఇన్ని చేశాక 'చిన్న మార్పే కదా' అంటే నమ్మించడం కష్టం.

అసలు నష్టం ఇన్సూరెన్స్‌లో. ఓ క్లయింటు కేసులో, ఎదుటి కారుదే తప్పు అని సీసీ కెమెరా ఫుటేజీ చెబుతున్నా, సర్వేయర్ రిపోర్టులో మొదటి ఫొటో కోసి అతికించిన స్టాండ్‌దే. దాని కింద రెండే ముక్కలు: 'బండిలో మార్పులు ఉన్నాయి, కంపెనీకి తెలియజేయలేదు.' సొంత డ్యామేజీ (తన బండి రిపేరు ఖర్చు) క్లెయిమ్ తిరస్కరించారు. ప్రమాదానికీ ఆ మార్పుకూ సంబంధం లేదని మేం వాదించాం. సెటిల్ అయ్యేసరికి అతను వర్క్‌షాప్ బిల్లు జేబులోంచి కట్టేశాడు, వడ్డీతో సహా.

థర్డ్ పార్టీ విషయం వేరు. మీ బండి తగిలి ఎవరైనా గాయపడితే, బీమా కంపెనీ తప్పించుకునే కారణాలను 150వ సెక్షన్ పరిమితం చేసింది. బండిలో మార్పు చేశారన్నది ఆ జాబితాలో విడిగా లేదు. కానీ ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకోవడం ఉంది. లింకులు మార్చి, వచ్చే ఏడాది రెన్యువల్‌లో 'మార్పులు లేవు' అని టిక్ పెట్టారనుకోండి, వాళ్ల చేతికి ఆయుధం ఇచ్చినట్టే. బాధితుడికి డబ్బు ఇచ్చి, తర్వాత మీ దగ్గర వసూలు చేసుకోవాలని చూస్తారు.

వారంటీ సంగతి చెప్పక్కర్లేదు. మార్చిన సస్పెన్షన్‌కు సంబంధించిన ఏ రిపేరైనా కంపెనీ కాదనడానికే చూస్తుంది.

మరి కాళ్లు ఆనేదెలా? మీ బండి సీటు 825, 845 మిల్లీమీటర్లు, రెండు ఎత్తుల్లో అమర్చుకోవచ్చు. కింది స్థానంలోనే ఉందో లేదో ముందు చూడండి, షోరూమ్‌లో పైన పెట్టి ఇచ్చి ఉంటే మీకు తెలిసే అవకాశం లేదు. కంపెనీ అమ్మే లో సీటు వేయించుకుంటే ఇంకాస్త తగ్గుతుంది, బిల్లూ ఉంటుంది. వెనక ప్రీలోడ్ (స్ప్రింగ్ బిగువు) మీ బరువుకు తగ్గట్టు సెట్ చేయిస్తే ఇంకొంచెం. ఇవేవీ 52వ సెక్షన్ దాకా వెళ్లవు. మందపాటి సోలున్న రైడింగ్ బూట్ల మీద అయితే చట్టం పూర్తిగా మౌనం.

వైకల్యం ఉన్నవాళ్లు తమ కోసం బండిని మార్పించుకుని, తర్వాత రిజిస్టరింగ్ అధికారి ఆమోదం తీసుకునే వీలు 52లోనే ఉంది. ఎత్తు తక్కువ కావడం ఒక్కటే దాని కిందికి రాదు.

అన్నీ చేసినా కాలు ఆనక, లింకులే మార్పించాలనుకుంటే, పని మొదలుపెట్టకముందే ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసుకో, మీ పరిధిలోని ఆర్టీఏకో రాసి అడగండి. బీమా కంపెనీకి ఈ-మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఫోన్‌లో కస్టమర్ కేర్ వాళ్లు 'ఏం ఫరవాలేదు మేడమ్' అంటే అది మీకు సాక్ష్యంగా పనికిరాదు. పాత లింకులను మాత్రం మెకానిక్ దగ్గర వదిలేయకండి, ఇంట్లో పెట్టుకోండి.