భయం పోయిందని అప్పుడే రాయకు

తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. తుఫాను రాత్రి భయం గురించి సాక్ష్యంగా నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. బాగుందని చెప్పడానికి మీ సంఘంలో చాలామంది ఉంటారు కాబట్టి ఆ పని వాళ్లకి వదిలేసి, బాగోలేనిచోట్ల గురించే రాస్తాను. కోపం తెచ్చుకోకు.

ముందు మాత్రం ఒకటి చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తెల్లవారుజామున, మన ఒడిశా వైపు కాశీనగర్‌లో మీ రేకుల ఇంట్లో ఏం జరిగిందో రాశావు చూడు, అది రచన. రేకు మూల లేచి టపటపా కొట్టుకుంటుంటే మీ అమ్మ మంచం నులక విప్పి, ఆ తాడుతో రేకుని దూలానికి కట్టింది. ముడి వేసేటప్పుడు తాడు కొస పళ్లతో కరిచి పట్టుకుంది. అందుకని ఆవిడ చేస్తున్న ప్రార్థన మాటలుగా రాక, మూలుగులా వినిపించిందన్నావు. నువ్వు టార్చిలైటు పట్టుకుని నిలబడ్డావు, చెయ్యి వణుకుతుంటే వెలుతురు ముడి మీద నిలవలేదు. ఇక్కడ నేను మార్చాల్సిన అక్షరం లేదు.

వెంటనే తరవాతి వాక్యం: ‘అయినను ప్రభువు నా హృదయములోని భయమంతటిని తీసివేసెను.’ అక్కణ్ణుంచి మూడు పేజీలు జయమే జయం.

మరి మొన్న ఫోనులో ఏం చెప్పావు? అక్టోబరు వస్తే ఇప్పటికీ గంటకోసారి వాతావరణం వార్తలు చూస్తానన్నావు. గాలి కాస్త గట్టిగా వీస్తే అర్ధరాత్రి లేచి కూచుంటానన్నావు. టెన్షన్ తగ్గక పొద్దున డ్యూటీలో తల పట్టుకుంటానన్నావు. భయమంతా ఎక్కడ పోయిందయ్యా? ఫోనులో నిజం చెప్పినవాడివి కాగితం మీదికొచ్చేసరికి ఎందుకు తప్పించుకున్నావు?

ఎందుకో నాకు తెలుసు. మన సంఘాల్లో సాక్ష్యానికి ఒక అచ్చు పడిపోయింది. ఒకప్పుడు భయపడేవాణ్ణి, ప్రభువు ముట్టాడు, ఇప్పుడు భయం లేదు, దేవునికి స్తోత్రం. ఆదివారం ఆరాధనలో అయిదు నిమిషాల్లో ముగించాలి, పాస్టరుగారు వాచీ చూస్తుంటారు, అక్కడ అది సరిపోతుంది. కానీ నువ్వు రాసింది ఒంటరిగా చదువుకునేవాడు ఒకడుంటాడు. వాడికింకా భయం పోలేదు. నీ మూడు పేజీల జయం చదివి వాడేమనుకుంటాడు? అందరికీ పోయింది, నాకొక్కడికే పోలేదు, నా విశ్వాసంలోనే లోపముంది అనుకుంటాడు. ధైర్యం చెప్పబోయి వాడి నెత్తిన ఇంకో భయం పెట్టినవాడివవుతావు.

బైబిలు రాసినవాళ్లు ఇంత తొందరపడలేదు. ఈ లెక్కన మళ్లీ ఒకసారి చదువు. యేసు శిష్యుడు పేతురు నీళ్ల మీద నడిచాడని అందరం చెప్పుకుంటాం. మత్తయి మాత్రం, అతను గాలిని చూసి భయపడ్డాడనీ, మునిగిపోతూ కేక వేశాడనీ దాచకుండా రాశాడు. గాలిని చూసి! నీ కథకి ఇంతకన్నా దగ్గరి చుట్టం ఎక్కడ దొరుకుతుంది? ప్రభువు చెయ్యి చాపి పట్టుకున్న క్షణానికి పేతురు భయం పోయిందని మత్తయి అనలేదు, గాలీ ఆగలేదు. వాళ్లు దోనె ఎక్కాకే గాలి అణిగింది. నడుమ ఆ కాస్త దూరం పేతురు ఎలా వచ్చాడన్నది మత్తయి రాయలేదు. నువ్వు రాయాల్సింది ఆ దూరమే.

సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో సంగతి తెలిసిందే. ఈ గిన్నె, అంటే రాబోయే బాధ, నా దగ్గరనుంచి తొలగించమని యేసే అడిగాడు, ఒకసారితో ఊరుకోలేదు కూడా. మార్కు సువార్త పాత ప్రతుల్లో కథ ఎక్కడ ఆగిందో తెలుసా? పదహారో అధ్యాయం ఎనిమిదో వచనం దగ్గర. సమాధి ఖాళీగా ఉంది, దూత శుభవార్త చెప్పాడు, సమాధి చూడ్డానికి వెళ్లిన ఆడవాళ్లు వణుకుతూ పారిపోయారు, భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. పునరుత్థానం గురించి రాస్తూ అక్కడ ఆగడానికి ఎంత గుండె కావాలి! ఇప్పుడు మనం చదివే తక్కిన వచనాలు తరవాత చేరాయని పండితుల మాట. ఎనభై ఎనిమిదో కీర్తన అయితే చీకటిలోనే ముగుస్తుంది. దాన్నెవరూ కీర్తనల గ్రంథం నుంచి తీసెయ్యలేదు.

‘నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను’ అని నువ్వు మొదటి పేజీలో వేసుకున్నావు. శత్రువులైన ఫిలిష్తీయులు గాతు అనే ఊళ్లో దావీదుని పట్టుకున్నప్పటి కీర్తన అది. ఆ దినం వస్తుందని ఒప్పుకున్న మాట. ఆశ్రయించడం ఎలా ఉంటుందో నీ దగ్గరే ఉంది కదా, పళ్లలో తాడు పెట్టుకుని మీ అమ్మ చేసిన పని. ఆవిణ్ణి కూచోబెట్టి అడుగు, ఆ మూలుగులో ఏం మాటలున్నాయో. కీర్తనో, నిన్ను తిట్టిన తిట్టో, ఏదైతే అది ఆవిడ మాటల్లోనే రాయి.

ఇంకో చోట నా పెన్సిలు ఆగిపోయింది. ‘మేము విశ్వసించితిమి గనుక మా ఇల్లు నిలిచెను’ అన్నావు. అదే తుఫానులో మన గజపతి జిల్లాలోనే బారఘరలో కొండచరియలు విరిగిపడి జనం చనిపోయారు. ఆ రాత్రి వాళ్లలో ఎవరూ దేవుణ్ణి పిలవలేదంటావా? ఆ ఊరివాళ్ల చుట్టాలు ఈ వాక్యం చదువుతారనుకుని రాయి. ఇల్లు నిలిచింది, కృతజ్ఞతలు చెప్పుకో, ఎవరూ కాదనరు. ఆ ‘గనుక’ మాత్రం తీసెయ్.

భాష సంగతి. నువ్వు బడిలో ఒడియా చదివావు, తెలుగు సండే స్కూల్లో బైబిలు పట్టుకుని నేర్చావు. అందుకే పెన్ను పడితే ‘భయాక్రాంతుడనైతిని’ వస్తోంది. తప్పు నీది కాదు. కానీ ఆ రాత్రి నువ్వు అరిచింది ‘అమ్మా, రేకు ఎగిరిపోతంది’ అని కదా. మన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే తెలుగులో రాయాలని జీవితమంతా పోట్లాడారు. ఆయన పేరున తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం, ఆయన ఊరి పక్కనుండి నువ్విలా రాస్తే ఎలా? వచనాన్ని వచనంగానే వెయ్యి, నీ మాట నీ మాటగా రాయి. రెండూ పక్కపక్కన ఉంటే వచనానికే బలం.

పేరు వెయ్యాలా వద్దా అని అడిగావు. ఆఫీసులో ఏమనుకుంటారో, సర్టిఫికెట్ల దగ్గర ఎవరైనా మెలిక పెడతారేమో అని. ఈ భయాన్ని నేను తీసిపారెయ్యను. పక్కనే కంధమాల్‌లో 2008లో క్రైస్తవుల మీద దాడులప్పుడు ఏం జరిగిందో చూసినవాళ్లు మన చుట్టాల్లోనే ఉన్నారు. కలం పేరుతో వెయ్యి. పిరికితనమని ఎవరైనా అంటే బైబిల్లో గిద్యోను కథ చూపించు. తన ఇంటివాళ్లకీ ఊరివాళ్లకీ భయపడి, బయలు అనే దేవత బలిపీఠాన్ని రాత్రిపూట పడగొట్టాడు. రాత్రిపూట ఎందుకు పడగొట్టావని దేవుడు కోప్పడలేదు.

చివరగా రచనకి సంబంధం లేని మాట. నిద్ర పట్టకపోవడం, గుండె దడ ఇంకా అలాగే ఉంటే డాక్టరుకి చూపించుకో. మాత్ర వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టని ఎవరో అన్నారన్నావు. ఏలీయా ప్రవక్త ప్రాణభయంతో పారిపోయి ఇంక చచ్చిపోతానని పడుకుంటే, దూత అతనికి ప్రసంగం చెయ్యలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. దేవుడి మాట ఆ తరవాతే. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లడం కుదరకపోతే 14416కి ఫోను చెయ్యి, టెలి మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బులు అడగరు.

రెండో ప్రతికి తొందర లేదు, కోతలయ్యాక పంపు. చివరి మూడు పేజీలు ఒక పేజీ అయినా ఫర్వాలేదు, అసలు లేకపోయినా ఫర్వాలేదు. పాతపట్నంలో డీటీపీ చేయించేముందు దీర్ఘాలు చూసుకో. ఒడియాలో ఎ, ఏ వేరువేరుగా లేవు కదా, నీకు అక్కడే జారిపోతోంది. ‘దేవుడు’ చాలాచోట్ల ‘దెవుడు’ అయ్యాడు, అన్నిటికీ సున్నా చుట్టి పంపుతున్నాను.

ఇట్లు,
మీ అక్క,
పర్లాకిమిడి