ఆ యాభై ఏళ్ల గురించి రాయి

చి. సౌజన్యకు ఆశీస్సులు.

'ఫిలోమినా' సినిమా మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. పిల్లాణ్ణి కారెక్కించి తీసుకుపోయే సీన్‌కి రెండు పేజీలిచ్చావు. ఆ తర్వాతి యాభై ఏళ్లు రెండు వాక్యాల్లో అయిపోయాయి. నాకు మాత్రం అసలు దుర్మార్గమంతా ఆ యాభై ఏళ్లలోనే కనిపిస్తుంది.

జరిగింది వరసగా పెట్టుకుని చూడమ్మా. పెళ్లికాని ఫిలోమినా లీ 1952లో ఐర్లండ్‌లోని రోస్‌క్రేలో, సన్యాసినులు నడిపే షాన్ రాస్ ఆబీ అనే మఠంలోని తల్లీబిడ్డల హోమ్‌లో కొడుకును కన్నది. అక్కడే లాండ్రీలో చాకిరీ చేస్తూ మూడేళ్లు వాణ్ణి చూసుకుంది. 1955లో బిడ్డ మీద హక్కులన్నీ వదులుకుంటున్నట్టు ఆమె చేత సంతకం చేయించారు. ఆ డిసెంబర్‌లోనే వాణ్ణి అమెరికా పంపేశారు. అక్కడ మైకేల్ హెస్‌గా పెరిగి, లాయరై, రిపబ్లికన్ పార్టీ జాతీయ కమిటీకి ప్రధాన న్యాయ సలహాదారు అయ్యాడు. అమ్మను వెతుక్కుంటూ అతను అదే మఠానికి వచ్చాడు. కొడుకును వెతుక్కుంటూ ఆమె కూడా వచ్చింది. ఇద్దరినీ ఉత్త చేతులతోనే పంపారు. 1995లో ఎయిడ్స్‌తో చనిపోయాక, అతని కోరిక ప్రకారం అక్కడే సమాధి చేశారు. రాతి మీద పుట్టిన తేదీ, పుట్టిన చోటు చెక్కి ఉన్నాయి. తల్లి గుర్తుపట్టడానికి ఆ రెండూ చాలు.

చూశావా, అడిగిన ప్రతిసారీ తెలియదని చెప్పి, ఆ తల్లీబిడ్డల్ని మళ్లీ విడదీశారు. నీ వ్యాసం ఇక్కడ ఆగాలి, ఇక్కడ కోపం తెచ్చుకోవాలి.

ఇంకో ముఖ్యమైన మాట. చక్రాల కుర్చీలోని ముసలి సన్యాసినిని, ఫిలోమినాతో కలిసి కొడుకును వెతికే జర్నలిస్టు నిలదీసే సీన్‌ని నువ్వు నిజంగా జరిగినట్టే రాశావు. అది కల్పన. ఆ సన్యాసిని 1995లోనే చనిపోయారు, జర్నలిస్టు ఈ కథలోకి వచ్చింది 2004లో. ఫిలోమినా అతనితో కలిసి అమెరికా వెళ్లడం కూడా సినిమా కోసం చేర్చిందే. సినిమాకు ఆ స్వేచ్ఛ ఉంది. కానీ ఏది కల్పనో, ఏది జరిగిందో వ్యాసం రాసేవాళ్లు విడదీసి చెప్పాలి. ఎందుకంటే ఈ ఆడవాళ్ల మాట చాలాకాలం ఎవరూ నమ్మలేదు. నీ వ్యాసంలో ఒక్క పొరపాటు దొరికినా, దాన్ని పట్టుకుని మొత్తం కట్టుకథే అనేవాళ్లు ఇప్పటికీ ఉంటారు.

పీటర్ ముల్లన్ తీసిన 'ది మాగ్డలీన్ సిస్టర్స్' (2002) కూడా ప్రస్తావించావు, బాగుంది. కానీ 'దారి తప్పారని' ముద్ర వేసిన ఆడవాళ్లను బంధించి బట్టలుతికించిన మాగ్డలీన్ లాండ్రీలు వేరు, పెళ్లికాని తల్లులు బిడ్డల్ని కన్న తల్లీబిడ్డల హోమ్‌లు వేరు. రెండిటినీ కలిపేయకు. ఆ సినిమాలో పారిపోయి వచ్చిన కూతుర్ని ఈడ్చుకొచ్చి మళ్లీ అక్కడే పడేసే తండ్రి గుర్తున్నాడా? ఆ వేషం దర్శకుడు తనే వేశాడు. నీ వ్యాసంలో సన్యాసినులు తప్ప ఇంకెవరూ కనబడరు. కూతుర్ని ఆ గుమ్మం దాకా తెచ్చిన నాన్న, ఊరి ఫాదర్, పిల్లలకు పాస్‌పోర్టులిచ్చిన ప్రభుత్వం, వీళ్లందరూ రావాలి. అలాగని నేరాన్ని 'సమాజం' అనే పేరు మీదికి తోసేసి ఊరుకోకు. 2021లో తల్లీబిడ్డల హోమ్‌ల మీద ఐర్లండ్ విచారణ కమిషన్ ఇచ్చిన నివేదిక, ఆ తల్లులు పడ్డ కష్టాలకు బాధ్యతను ప్రధానంగా పిల్లల తండ్రుల మీద, సొంత కుటుంబాల మీద పెట్టింది. చర్చి, ప్రభుత్వం దాన్ని సమర్థించాయని కూడా అన్నదనుకో. అయినా ఆ హోమ్‌లలో బతికి బయటపడ్డ చాలామందికి అది అన్యాయంగా తోచింది. వాళ్ల కోపం న్యాయమైనదే అంటాను నేను. గేటు తాళం ఎవరి చేతిలో ఉందో, ఫైళ్లు ఎవరి బీరువాలో ఉన్నాయో రాయి.

అంకెలు వాడేటప్పుడు తొందరపడకు. 1922 నుంచి 1998 దాకా ఆ కమిషన్ పరిశీలించిన 18 సంస్థల్లో సుమారు 56,000 మంది తల్లులు, 57,000 మంది పిల్లలు ఉన్నారు. పిల్లల్లో దాదాపు 9,000 మంది చనిపోయారు. ట్యూమ్ అనే ఊళ్లో క్యాథరిన్ కార్‌లెస్ అనే స్థానిక చరిత్రకారిణి మరణ ధ్రువపత్రాలు తీయించి, ఒక్క హోమ్‌లోనే 796 మంది పిల్లలు పోయారని తేల్చింది. ఆ ఓపిక నీకు ఆదర్శం కావాలని నా ఆశ.

చివరి పేరా కొట్టెయ్. 'క్షమించడమే మాతృత్వం' అన్నావు. అమ్మ సెంటిమెంట్ మన సినిమాల్లో అంతగా పెరిగింది కాబట్టి ఆ మాట సులువుగా వచ్చేస్తుంది. సినిమాలో ఫిలోమినా క్షమిస్తుంది, పక్కనే ఉన్న జర్నలిస్టు నేను క్షమించలేనంటాడు. రెండు మాటల్నీ అలాగే ఉండనివ్వు. ఆమె క్షమ ఆమె సొంతం, దాన్ని తెచ్చి మిగతా తల్లులందరి మీదా రుద్దే హక్కు నీకూ లేదు, నాకూ లేదు.

సంక్రాంతిలోపు తిరగరాసి పంపు. నిడివి గురించి టెన్షన్ పడకు, పత్రిక వాళ్లతో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు