నేటాల్ ‘వలస’లో వలస వెళ్ళిందెవరు?

సందేహం: దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో 1894 నాటి సంగతులపై వ్యాసం రాస్తున్నాను. ‘నేటాల్ కాలనీ’ అంటే మా అబ్బాయి ‘ఏ బస్సెక్కాలి నాన్నా?’ అన్నాడు. ‘వలస’ అందామంటే మన కూలీలు వెళ్ళిందీ వలసే. ఒక పేరాలో తెల్లవాళ్ళను, ఇంకో పేరాలో మనవాళ్ళను ‘వలసవాదులు’ అని రాసేశాను. ఏది సరి?

సమాధానం: మీ అబ్బాయిది తప్పు కాదు. తెలుగులో కాలనీ అంటే ఇప్పుడు ఇళ్ళ వరసే. నేటాల్‌ను ‘వలసరాజ్యం’ అనండి, ఏ తికమకా ఉండదు.

అసలు చిక్కు ‘వలస’లోనే ఉంది. పాత వాడుకలో వలస అంటే శత్రుసేన వస్తోందని భయపడి జనం ఊరు విడిచి పోవడం. తర్వాత కరువుకు పోయినా, పనికి పోయినా వలసే అయింది. అలా పోయినవాళ్ళు దిగిన చోటుకూ ఆ పేరే నిలిచింది, ఆమదాలవలస లాగ. పారిపోయేవాళ్ళ మాటను ఏలడానికి వచ్చినవాళ్ళకు తగిలించింది మన చరిత్ర పుస్తకాలు. మాట పాతుకుపోయింది కాబట్టి ఇప్పుడు పీకి పారెయ్యలేం. కానీ చివర ఏ ప్రత్యయం వేస్తున్నామో చూసుకోవాలి. ‘వలసవాది’ అంటే పరాయి నేలను ఏలడం న్యాయమేనని వాదించేవాడు. వెళ్ళి స్థిరపడినవాడు ‘వలసదారు’. మన కూలీలు ఏ లెక్కనా వలసవాదులు కారు. ఆ పేరా దిద్దండి.

1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడలో డర్బన్ చేరినవాళ్ళతో మొదలుపెట్టి, చెరకు తోటలకు ఒప్పందం మీద వెళ్ళిన తమిళులు, తెలుగువాళ్ళు, ఉత్తరాదివాళ్ళు ఉన్నారు. వాళ్ళ నోట్లో ‘అగ్రిమెంట్’ నలిగి ‘గిర్మిట్’ అయింది. అందుకే ‘గిర్మిట్ కూలీలు’ అంటే ఇంకా బాగుంటుంది. గడువు తీరాక అక్కడే ఉండిపోయినవాళ్ళు కూడా, తెల్లవాళ్ళలాగే, వలసదారులే. తేడా చట్టం దగ్గర వచ్చింది. 1893లో నేటాల్‌లోని తెల్లవాళ్ళకు స్వపరిపాలన దక్కింది. మరుసటి ఏడే భారతీయులకు ఓటు లేకుండా చేసే బిల్లు పెట్టారు. దాన్ని ఆపమని గాంధీ, ఆయన తోటివాళ్ళు బ్రిటన్‌లో వలసరాజ్యాల మంత్రిగా ఉన్న రిపన్ ప్రభువుకు పంపిన అర్జీపై సుమారు 10,000 సంతకాలు పడ్డాయి. విషయం అర్థమయ్యేలా చెప్పకుండా ఎవరి చేతా సంతకం పెట్టించకూడదని నియమం పెట్టుకున్నారట. దీనికి మీ వ్యాసంలో రెండు వాక్యాలైనా ఇవ్వండి. ఆ ఆగస్టులోనే నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ పుట్టింది.

మీరు అడగకపోయినా ఇంకో మాట. తెలుగులో ‘కూలి’ చేసిన పనికి వచ్చే డబ్బు, ‘కూలీ’ పని చేసే మనిషి. నేటాల్ తెల్లవాళ్ళకు మాత్రం భారతీయుడైతే చాలు, షావుకారైనా కూలీయే. గాంధీ ‘కూలీ బారిస్టరు’. వాళ్ళ నోట వచ్చిన చోటల్లా ఆ మాటను కొటేషన్లలో పెట్టండి. తమిళుల పేర్ల చివర వినబడే ‘సామి’ని కూడా అలాగే తిట్టుగా మార్చారు. దానికి కొందరు భారతీయుల జవాబు గాంధీ ఆత్మకథలో ఉంది: సామి అంటే యజమాని, నేను నీ యజమానిని కాను కదా!