వాగు అవతల ఇల్లు, వానాకాలం బెంగ

ప్రశ్న: మా ఇల్లు ఊరికి దూరంగా, పొలాల మధ్య ఉంది. వాగు దాటితేగానీ రోడ్డెక్కలేం. అత్తగారు ఇన్సులిన్ మీద ఉన్నారు. వాన పట్టిందంటే నాకు టెన్షన్. ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి?

జవాబు: మీ ఉత్తరం చదవగానే నా దృష్టి వాగు మీదే పడిందమ్మా. వేగంగా పారే నీరు అర అడుగున్నా మనిషిని పడగొడుతుంది. రెండడుగులుంటే చాలా కార్లు కొట్టుకుపోతాయి. ‘ఈమాత్రం నీళ్లకేం’ అనే మొనగాడు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. ముందు బండి తాళాలు దాచేయండి. హెచ్చరిక రాగానే, వాగు పొంగకముందే, అత్తగారిని అవతలి గట్టుకు చేర్చండి.

ఇక ఇన్సులిన్. వాడుతున్న సీసా ఫ్రిజ్ లేకపోయినా, ఎండా వేడీ తగలకుండా 30 డిగ్రీల లోపు ఉంటే, చాలా రకాలు నాలుగు వారాల వరకు పనిచేస్తాయి. మీ రకానికి గడువెంతో డాక్టరునడిగి డబ్బా మీద రాసుకోండి. కొత్త సీసాలను ఐస్‌బాక్సులో పెడితే మధ్యలో తువ్వాలు చుట్టండి. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే.

తాగునీరు మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన వారానికి పట్టుకోండి. మూడు రోజులకు చాలంటారు గానీ, మీ దారి అంత త్వరగా తెరుచుకోదు. వరదనీరు చేరిన బావి నీళ్లు పరీక్ష చేయించేదాకా తాగొద్దు; పురుగుమందులు కలిస్తే మరిగించినా పోవు. జనరేటరుంటే ఆరుబయటే, కిటికీలకు దూరంగా నడపండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనుండదు, ప్రాణం తీస్తుంది.

పశువుల సంగతి మీరు రాయలేదు. ఉంటే మాత్రం, బయల్దేరేటప్పుడు పలుపులు విప్పేసి వెళ్లండి.