గవర్నెన్స్ జవాబులకు కావలసిన సరుకు మీ ఆఫీసులోనే ఉంది

ప్రశ్న: నేను జగిత్యాల జిల్లాలో ఒక తహశీల్దార్ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. మా అమ్మాయి సివిల్స్‌కు చదువుతోంది. పోయినసారి మెయిన్స్ రాసింది కానీ జనరల్ స్టడీస్ రెండో పేపర్‌లో మార్కులు బాగా తగ్గాయి. గవర్నెన్స్ (పాలన) జవాబుల్లో కాన్సెప్టులు, గణాంకాలు, కమిటీల పేర్లు లేకపోవడమే కారణమని తనూ, తన స్నేహితులూ అంటున్నారు. ఢిల్లీలో దీనికోసమే ఆరు నెలల ప్రత్యేక కోర్సు ఉందట. ఫీజు లక్ష దాటుతుంది. చీటీ ఎత్తి పంపనా, హైదరాబాద్‌లోనే టెస్ట్ సిరీస్‌లో చేర్చనా? రెంటిలో ఏది మేలు? అమ్మాయికి ఇరవై ఆరేళ్లు వస్తున్నాయి. బంధువులు అడిగితే ఏం చెప్పాలో తోచడం లేదు.

జవాబు: మీ ఉత్తరంలో అసలు ప్రశ్న చివరి రెండు వాక్యాల్లో ఉంది. కోర్సు గురించి అడుగుతున్నట్టు రాశారు గానీ, పిల్ల జీవితం పాడవుతోందేమో అన్నదే మీ దిగులు. ముందు దాని సంగతి చూద్దాం. ఏటా దరఖాస్తు చేసే పది లక్షల పైచిలుకు మందిలో మెయిన్స్ దాకా చేరేది పదిహేను వేల లోపే. మీ అమ్మాయి అక్కడికి వెళ్లి వచ్చింది. ఇరవై ఆరేళ్లకు ఆ స్థాయి అందుకున్న పిల్లను చూసి తలదించుకునే అవసరం ఏ తండ్రికీ లేదు. బంధువులకు ‘చదువుతోంది’ అని చెప్పండి, చాలు. అంతకు మించి వివరణ మీరు వాళ్లకు బాకీ లేరు.

ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడతాను. మార్కులు గవర్నెన్స్‌లోనే తగ్గాయని మీకు ఎవరు చెప్పారు? సివిల్స్ పరీక్ష నిర్వహించే యూపీఎస్సీ ఇచ్చే మార్కుల పత్రంలో పేపర్‌కు మొత్తం ఎన్ని వచ్చాయో ఉంటుంది, ప్రశ్నవారీగా ఉండదు. ఆ పేపర్‌లోనే రాజ్యాంగం, సామాజిక న్యాయం, అంతర్జాతీయ సంబంధాలు కూడా ఉన్నాయి. రోగం ఎక్కడుందో తెలియకుండా లక్ష రూపాయల మందు కొనడానికి చీటీ ఎత్తుతానంటున్నారు. పోయిన మెయిన్స్ ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని, రాసిన జవాబులను గుర్తున్నంతవరకు మళ్లీ రాయమని ముందు మీ అమ్మాయికి చెప్పండి. తెలిసిన సీనియర్‌కు ఎవరికైనా చూపించండి. దీనికి నోటు పుస్తకం ఖర్చు తప్ప మరేమీ అవదు.

ఈ ‘జవాబులకు మెరుగులు దిద్దే’ కోర్సుల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. ఆ నోట్సు కట్టలు చంకన పెట్టుకుని నా దగ్గరకు వచ్చే పిల్లలకు కొదవ లేదు. తెరిస్తే మొదటి పేజీలో ఐక్యరాజ్యసమితి చెప్పిన సుపరిపాలన లక్షణాలు ఎనిమిది. తర్వాత, 1989లో ఆఫ్రికా మీద ప్రపంచ బ్యాంకు ఇచ్చిన నివేదికతో ఈ చర్చ ఎలా ఊపందుకుందో ఒక పేరా. ఆపైన రెండో పరిపాలనా సంస్కరణల సంఘం ఇచ్చిన 15 నివేదికల పట్టిక, ఏటా మారిపోయే అంతర్జాతీయ ర్యాంకులు, కౌటిల్యుడి నుంచి గాంధీ దాకా సూక్తులు. వీటిలో తప్పేమీ లేదు. కానీ ఆ 15 నివేదికలూ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పైగా ఒకే నోట్సు వందల మంది బట్టీ పట్టి రాస్తే, పేర్లు మార్చి అచ్చేసిన పెళ్లి శుభలేఖల్లా ఉంటాయి ఆ జవాబులు. దిద్దేవారికి మూడో జవాబుపత్రం దగ్గరే తెలిసిపోతుంది.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. మూడు గంటల్లో ఇరవై ప్రశ్నలంటే సగటున ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు. నూట యాభై పదాల జవాబులో అడిగినదానికి సూటిగా సమాధానం చెప్పాక రెండు వాస్తవాలకు చోటు మిగులుతుంది. రెండు వందల యాభై పదాలైతే మూడో నాలుగో. మూడు వందల పేజీల సమాచారం మోసుకెళ్లి ఎక్కడ దింపుతుంది మీ అమ్మాయి? పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. తెలిసినదంతా కుక్కాలన్న ఆత్రంలో, అడిగిన ప్రశ్న చేజారిపోతుంది.

ఉదాహరణకు సిటిజన్ చార్టర్ తీసుకోండి, అంటే ఏ సేవ ఎన్ని రోజుల్లో ఇస్తామో ప్రభుత్వ ఆఫీసు జనానికి ఇచ్చే హామీపత్రం. చార్టర్లు పెట్టినా ప్రజల సంతృప్తి, సేవల నాణ్యత ఎందుకు పెరగలేదని 2013లో అడిగారు. 2018లో దాని పరిమితులేమిటో, మార్గాలేమిటో చెప్పమన్నారు. 2024లో ఆశించిన ఫలితం రాకుండా అడ్డుపడుతున్నవేమిటో గుర్తించమన్నారు. మాటలు మార్చి మూడుసార్లు ఒకే సంగతి అడిగారు. ఎక్కువమంది పిల్లలు ఎలా మొదలుపెడతారో తెలుసా? 1991లో బ్రిటన్‌లో జాన్ మేజర్ ప్రభుత్వం దీన్ని ప్రారంభించింది, 1997లో ముఖ్యమంత్రుల సదస్సు తర్వాత మన దగ్గరకు వచ్చింది అని. నిజమే. అయితే అడిగింది పుట్టుక గురించి కాదు, పనిచేయకపోవడం గురించి.

పనిచేయకపోవడానికి కారణాలు మీకంటే బాగా ఎవరికి తెలుసు? మీ ఆఫీసు గోడ మీద చార్టర్ బోర్డు ఉండే ఉంటుంది. ఏ ధ్రువపత్రం ఎన్ని రోజుల్లో ఇవ్వాలో దాని మీద రాసి ఉంటుంది. ఆ గడువులు నిర్ణయించేటప్పుడు మీ సెక్షన్‌లో ఎవరినైనా అడిగారా? తెలంగాణలో 2020లో వీఆర్‌వో (గ్రామ రెవెన్యూ అధికారి) పోస్టులు రద్దయ్యాక, ఊళ్లోకి వెళ్లి విచారణ చేయాల్సిన భారం ఎవరి మీద పడింది? గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఒక్కరే ఎన్ని ఊళ్లు తిరగగలిగారు? గడువు దగ్గరపడగానే ‘పత్రాలు చాలవు’ అని దరఖాస్తు వెనక్కి పంపితే రికార్డులో ఆలస్యం కనపడదు, మనిషి మాత్రం మళ్లీ మీసేవ దగ్గర వరుసలో నిలబడతాడు. క్షేత్రంలో మనుషులు లేకుండా గడువు పెడితే ఆ గడువును కాగితం మీదే పాటిస్తారు. ఈ ఒక్క వాక్యం చార్టర్ ప్రశ్నకు ప్రాణం పోస్తుంది.

దాని పక్కన రెండు మూడు వాస్తవాలు చేర్చితే సరిపోతుంది. చార్టర్‌కు చట్టబద్ధత లేదు. మధ్యప్రదేశ్ 2010లో సేవల హామీ చట్టం తెచ్చి, ఆలస్యానికి బాధ్యుడైన ఉద్యోగి మీద రోజుకు రూ.250 చొప్పున, రూ.5,000 మించకుండా జరిమానా పెట్టింది. కేంద్రం 2011లో తెచ్చిన ఇలాంటి బిల్లు 2014లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. పరిష్కారం రాయాల్సి వస్తే సంస్కరణల సంఘం 12వ నివేదిక ఉంది. మాట తప్పితే పౌరుడికి ఏం పరిహారం దక్కుతుందో చార్టర్‌లోనే రాయాలంటుంది అది.

ఇంత సరుకు ఇంట్లో పెట్టుకుని మీరు ఢిల్లీ వైపు చూస్తున్నారు. కోప్పడుతున్నాననుకోకండి, అమ్మాయితో మీ ఆఫీసు పని గురించి ఎప్పుడైనా మాట్లాడారా? మార్కులెన్ని అని అడిగి ఉంటారు, ఎన్ని గంటలు చదివావని అడిగి ఉంటారు. ఫైలు ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో చెప్పి ఉండరు. మన ఉద్యోగం చిన్నదని, దానితో కలెక్టర్ కావలసిన పిల్లకు పనేమిటని మీరు అనుకుని ఉంటారు. ఆ ఆలోచన మానుకోండి.

నేర్చుకోదగిన కాన్సెప్టు ఒకటి చెబుతాను, ఇది చాలా ప్రశ్నలకు పనికొస్తుంది. జవాబుదారీతనంలో రెండు సగాలున్నాయి. అధికారి చేత సంజాయిషీ చెప్పించడం ఒకటి, తప్పు తేలితే చర్య తీసుకోవడం రెండోది. సామాజిక తనిఖీని, అంటే ప్రభుత్వ పనుల లెక్కలను జనమే సరిచూడటాన్ని, ఈ కొలతతో చూడమనండి. రాజస్థాన్‌లో 1994 నుంచి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం బహిరంగ విచారణలు పెట్టి, పనుల లెక్కలు ఊరందరి ముందు చదివించింది. తర్వాత 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ ఆ అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే తనిఖీలు మొదలుపెట్టి, 2009లో దీనికోసం ప్రత్యేక సంస్థనే ఏర్పాటు చేసింది. మస్టర్ (కూలీల హాజరు పట్టీ) చదువుతుంటే పనికి రానివాళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు బయటపడతాయి. మొదటి సగం అక్కడ జరిగిపోతుంది. తేలిన సొమ్ము రాబట్టడం, బాధ్యుల మీద చర్య అన్న రెండో సగం మాత్రం పై అధికారుల చేతిలో మిగులుతుంది. అవినీతి ఫిర్యాదులు విచారించే లోక్‌పాల్ మీద ప్రశ్న వచ్చినా ఇదే కొలత పనికొస్తుంది. చట్టం 2013లో వస్తే మొదటి లోక్‌పాల్ నియామకం 2019లో గానీ జరగలేదు.

సమాచార హక్కు గురించి అందరూ 30 రోజుల గడువే రాస్తారు. 4వ సెక్షన్ రాయమనండి, అడగకముందే ప్రకటించాల్సిన సమాచారం గురించి. దాని పక్కన, వ్యక్తిగత సమాచారాన్ని కూడా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చని సమాచార హక్కు చట్టం 8(1)(జె)లో ఉన్న వెసులుబాటును 2023 డేటా రక్షణ చట్టం తీసేసిన సంగతి, అదే చట్టం 8(2)లో ప్రజాప్రయోజనం కోసం ఇచ్చే సాధారణ వెసులుబాటు మిగిలే ఉందన్న వాదన, రెండూ తెలిసి ఉండాలి. మస్టర్‌లో పేర్లు బహిరంగంగా చదవడం గోప్యతకు భంగమా అన్న ప్రశ్న రేపో మాపో వస్తుందని నా ఊహ.

ఇక మీరు అడిగిన పోలిక. నిజానికి అందులో చెప్పేందుకు పెద్దగా ఏమీ లేదు. ఢిల్లీ కోర్సు ఈ దశలో అక్కర్లేదు. హైదరాబాద్ టెస్ట్ సిరీస్ మంచిదే, కానీ చేరేముందు వాళ్లు దిద్దిన జవాబుపత్రం ఒకటి చూపించమనండి. మార్జిన్‌లో ‘ఇంకా ఉదాహరణలు కావాలి’ అన్న ముద్రలాంటి మాటలే ఉంటే వెనక్కి రండి. ‘ప్రశ్నలో ఎందుకు అన్నారు, నువ్వు ఏమిటి అన్నదే రాశావు’ లాంటి వ్యాఖ్య ఒక్కటి కనిపించినా చేర్చవచ్చు. ఈ చదువు ఊరికే పోదు, రాష్ట్ర గ్రూప్-1 మెయిన్స్‌లోనూ పాలన మీద ప్రశ్నలుంటాయి.

ఆ మూడు చార్టర్ ప్రశ్నలనూ ఈ నెలలో రాసి చూడమని అమ్మాయికి చెప్పండి. దిద్దడానికి మీరు కూర్చోకండి, అది మీ పని కాదు. అడిగినప్పుడు ఆఫీసులో ఏం జరుగుతుందో మొహమాటం లేకుండా చెప్పండి. చీటీ మాత్రం ఇప్పుడే ఎత్తకండి.